1969 రాష్ట్రపతి ఎన్నిక: ఒక ఓటమి నేర్పే పాఠం

(కళాశాల విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



పాఠ్యపుస్తకాలలో రాష్ట్రపతుల పట్టిక ఉంటుంది. రాజేంద్రప్రసాద్, రాధాకృష్ణన్, జాకిర్ హుస్సేన్, గిరి అని వరుసగా పేర్లు, వాటి పక్కన సంవత్సరాలు కనిపిస్తాయి. పరీక్షకు అవి చాలు. కాని ప్రజాస్వామ్యాన్ని అర్థం చేసుకోవడానికి ఆ పట్టిక ఒక్కటే చాలదు. ప్రతి ఎన్నికలోను గెలిచినవారితోపాటు ఓడినవారు కూడా ఉంటారు. ఎందుకు ఓడారు, ఓడిన తరువాత ఎలా నడుచుకున్నారు, ఆ ఓటమి దేశానికి ఏమి నేర్పింది అన్న ప్రశ్నలకు పట్టికలో సమాధానం దొరకదు. అందుచేత ఓడిన ఒక అభ్యర్థి కథను ఈనాటి ప్రసంగానికి విషయంగా ఎంచుకోవడం జరిగింది. ఆ అభ్యర్థి శ్రీ నీలం సంజీవరెడ్డి. ఆ ఎన్నిక 1969 ఆగస్టులో జరిగినది.

స్వతంత్ర భారత చరిత్రలో అంత హోరాహోరీగా సాగిన రాష్ట్రపతి ఎన్నిక మరొకటి లేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్లను లెక్కించవలసి వచ్చిన రాష్ట్రపతి ఎన్నిక కూడా ఇంతవరకు అదొక్కటే. తెలుగువారికి అందులో మరొక విశేషం ఉన్నది. ప్రధాన ప్రత్యర్థులు ఇద్దరూ తెలుగు ఇండ్లలో పుట్టినవారే. మూడవ అభ్యర్థి చింతామణి దేశ్‌ముఖ్ మహారాష్ట్రీయుడైనా ఆయన సహధర్మచారిణి, రాజమహేంద్రవరంలో పుట్టి ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి.

ఎన్నిక ఎందుకు వచ్చింది?

1969 మే 3వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. పదవీకాలం మధ్యలో రాష్ట్రపతి మరణించడం దేశంలో అదే మొదటిసారి. రాజ్యాంగం 65వ అధికరణం ప్రకారం ఉపరాష్ట్రపతి శ్రీ వరాహగిరి వెంకటగిరి తాత్కాలికంగా రాష్ట్రపతి బాధ్యతలు స్వీకరించారు. 62వ అధికరణం ప్రకారం ఆరు నెలలలోగా కొత్త రాష్ట్రపతిని ఎన్నుకొనవలసి ఉన్నది.

ఆ రోజులలో కాంగ్రెసు పార్టీ అంతర్గతంగా రెండు వర్గాలుగా చీలి ఉన్నది. ఒకవైపు ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ. మరొకవైపు పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప, కామరాజ్, ఎస్.కె. పాటిల్, అతుల్య ఘోష్ వంటి సీనియర్ నాయకులు. ఈ రెండవ వర్గాన్ని పత్రికలు ‘సిండికేట్’ అని పిలిచేవి. జూలై నెలలో బెంగుళూరులో జరిగిన సమావేశాల సందర్భంగా కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు అభ్యర్థి ఎంపికకు పూనుకున్నది. ప్రధానమంత్రి శ్రీ జగ్‌జీవన్‌రామ్ పేరును సూచించారు. బోర్డులోని అధిక సంఖ్యాకులు అందుకు అంగీకరించక లోక్‌సభ స్పీకరుగా ఉన్న సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిర్ణయించారు. పార్టీ నిర్ణయం కనుక ఆయన నామినేషన్ పత్రంపై ప్రధానమంత్రి కూడా సంతకం చేశారు. అప్పటికి ఆయన విజయం దాదాపు ఖాయమనే అందరూ అనుకున్నారు.

తరువాతి సంఘటనలు వేగంగా జరిగిపోయాయి. జూలై 16న ప్రధానమంత్రి శ్రీ మొరార్జీ దేశాయి నుంచి ఆర్థికశాఖను తీసివేశారు. జూలై 19న పద్నాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వెలువడింది. దానిపై సంతకం చేసినవారు తాత్కాలిక రాష్ట్రపతి గిరిగారు. మరునాడే ఆయన తన పదవికి రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా రంగంలో నిలిచారు. ఉపరాష్ట్రపతి స్థానం కూడా ఖాళీ కావడంతో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి శ్రీ హిదయతుల్లా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. అటువంటి అవసరం ఎప్పుడైనా రావచ్చునన్న ముందుచూపుతో ఆ సంవత్సరమే పార్లమెంటు ఒక చట్టం చేసి ఉండడం వలన దేశాధినేత స్థానం ఒక్క రోజైనా శూన్యంగా ఉండలేదు. వ్యక్తులు మారుతున్నా వ్యవస్థ నిలుస్తుందనడానికి ఇది మంచి నిదర్శనం.

ఇద్దరు తెలుగువారు

సంజీవరెడ్డిగారు 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. అనంతపురం కళాశాలలో చదువుతూ 1931లో చదువు మాని స్వాతంత్ర్యోద్యమంలో చేరారు. జైలు జీవితం అనుభవించారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినపుడు ఆ రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. కాంగ్రెసు అఖిల భారత అధ్యక్షులుగా పనిచేశారు. రెండవసారి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కర్నూలు జిల్లా బస్సు మార్గాల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలు ప్రభుత్వానికి ప్రతికూలంగా ఉన్నాయని 1964లో తనంతట తానే పదవి విడిచారు. 1967లో లోక్‌సభ స్పీకరుగా ఎన్నికైన వెంటనే, ఆ స్థానంలో కూర్చున్నవాడు ఏ పక్షానికీ చెందకూడదని భావించి పార్టీ సభ్యత్వాన్ని వదులుకున్నారు.

గిరిగారు అంతకు దాదాపు రెండు దశాబ్దాలు పెద్దవారు. 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండులోని డబ్లిన్ నగరానికి వెళ్ళి, అక్కడి స్వాతంత్ర్య పోరాటం వైపు ఆకర్షితులయ్యారు. స్వదేశానికి వచ్చి రైల్వే కార్మికులను సంఘటితపరచడంలో జీవితంలో అధికభాగం గడిపారు. కేంద్ర కార్మికశాఖ మంత్రిగా ఉండగా బ్యాంకు ఉద్యోగుల వేతన వివాదంలో ప్రభుత్వ వైఖరితో ఏకీభవించలేక 1954లో రాజీనామా చేశారు. తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేసి 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు.

ఈ ఇద్దరి జీవితాలలోను గమనింపదగిన సామ్యం ఒకటి ఉన్నది. ఇద్దరూ అంతకుముందే ఓటమి రుచి చూసినవారు. 1952లో మొదటి సార్వత్రిక ఎన్నికలలో అనంతపురం శాసనసభ స్థానంలో సంజీవరెడ్డిగారిని ఓడించినవారు కమ్యూనిస్టు నాయకుడు, స్వయానా ఆయన బావమరిది తరిమెల నాగిరెడ్డి. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో గిరిగారు గిరిజన అభ్యర్థి దిప్పల సూరిదొర చేతిలో ఓడిపోయారు. ఆ వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. గిరిజన అభ్యర్థులకు రిజర్వు చేసిన స్థానమే కాక, అధిక ఓట్లు వచ్చినపుడు సాధారణ స్థానం కూడా వారికి దక్కవచ్చునని న్యాయస్థానం 1959లో తీర్పు చెప్పింది. గిరిగారు ఆ తీర్పును శిరసావహించారు.

మూడవ అభ్యర్థి దేశ్‌ముఖ్ రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, ఒకప్పటి కేంద్ర ఆర్థికమంత్రి. ఆయనను స్వతంత్ర పార్టీ, జనసంఘం బలపరచాయి. మొత్తంమీద బరిలో నిలిచినవారు 15 మంది.

ఓటుకు విలువ ఎలా కడతారు?

ఈ ఎన్నిక ఫలితం అర్థం కావాలంటే మన రాష్ట్రపతిని ఎన్నుకొనే విధానం కొంచెం తెలియాలి. రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. 54వ అధికరణం ప్రకారం పార్లమెంటు ఉభయ సభలలోని ఎన్నికైన సభ్యులు, రాష్ట్ర శాసనసభలలోని ఎన్నికైన సభ్యులు కలిసి ఒక ఎన్నిక గణంగా ఏర్పడి ఓటు వేస్తారు. నామినేట్ అయిన సభ్యులకు ఇందులో ఓటు లేదు.

అయితే అందరి ఓటుకూ ఒకే విలువ ఉండదు. పెద్ద రాష్ట్రపు శాసనసభ్యుడు ఎక్కువమంది ప్రజలకు ప్రతినిధి. చిన్న రాష్ట్రపు సభ్యుడు తక్కువమందికి ప్రతినిధి. అందుచేత రాష్ట్ర జనాభాను ఎన్నికైన శాసనసభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ వెయ్యితో భాగిస్తారు. ఆ వచ్చినదే ఒక్కొక్క సభ్యుని ఓటు విలువ. 1969లో 1961 జనాభా లెక్కలు వర్తించాయి. ఆంధ్రప్రదేశ్ జనాభా అప్పుడు 3,59,83,447. ఎన్నికైన శాసనసభ్యులు 287 మంది. భాగహారం చేసి చూస్తే ఒక్కొక్కరి ఓటు విలువ 125 అని తేలుతుంది. ఉత్తరప్రదేశ్ సభ్యునికి ఇదే లెక్కన 174 వచ్చింది.

తరువాత అన్ని రాష్ట్రాల శాసనసభ్యుల ఓట్ల విలువలను కూడి, ఆ మొత్తాన్ని ఎన్నికైన పార్లమెంటు సభ్యుల సంఖ్యతో భాగిస్తారు. అట్లా 1969లో ఒక్కొక్క పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576 అయినది. దీనివలన రెండు ప్రయోజనాలు నెరవేరుతాయి. రాష్ట్రాల మధ్య జనాభానుబట్టి సమత్వం ఏర్పడుతుంది. రాష్ట్రాలన్నిటి బలం ఒకవైపు, పార్లమెంటు బలం మరొకవైపు పెడితే తక్కెడ సరిసమానంగా నిలుస్తుంది. రాష్ట్రపతి కేంద్రానికి మాత్రమే కాక రాష్ట్రాల సమాహారమైన దేశానికంతటికీ అధినేత అన్న భావం ఈ అంకెలలోనే ఇమిడి ఉన్నది.

ఇక ఓటు వేసే పద్ధతి. ఓటరు తనకు నచ్చిన అభ్యర్థి పేరు ఎదుట 1 అని వ్రాస్తాడు. ఇష్టమైతే మిగిలినవారికి 2, 3 అని వరుసగా ప్రాధాన్యాలు ఇస్తాడు. చెల్లిన ఓట్ల మొత్తం విలువలో సగానికి మించి వచ్చినవారు గెలుస్తారు. మొదటి లెక్కలో ఎవరికీ అంత రాకపోతే అందరికంటె తక్కువ వచ్చిన అభ్యర్థిని తొలగించి, ఆయన ఓటుపత్రాలను వాటిమీద ఉన్న రెండవ ప్రాధాన్యాన్నిబట్టి మిగిలినవారికి పంచుతారు. ఒకరు గెలుపు హద్దు దాటేవరకు, లేదా చివరకు ఒక్కరే మిగిలేవరకు ఇట్లాగే కొనసాగుతుంది. ఓటు రహస్యం. ఎవరు ఎవరికి వేసినదీ ఎవరూ అడగడానికి వీలులేదు.

అంతరాత్మ ప్రబోధం

రాష్ట్రపతి ఎన్నికలో అభ్యర్థులు ఊరూరా సభలు పెట్టి ఓట్లు అడగవలసిన అవసరం సాధారణంగా ఉండదు. 1969లో మాత్రం వీధులలోను, పత్రికలలోను, కళాశాలల ఆవరణలలోను అదే చర్చ. ఆ చర్చకు కేంద్రం ఒక ప్రశ్న. పార్టీ నిలిపిన అభ్యర్థికే ఓటు వేయడం సభ్యుని ధర్మమా, లేక తన మనస్సుకు యోగ్యుడని తోచినవారికి వేయడం ధర్మమా?

నిజలింగప్ప గారు జనసంఘం, స్వతంత్ర పార్టీల నాయకులను కలుసుకొని, వారి సభ్యులు రెండవ ప్రాధాన్యపు ఓట్లను సంజీవరెడ్డిగారికి ఇవ్వవలసిందిగా కోరారు. లెక్క దృష్ట్యా అది తెలివైన పనే. అయితే దాని ప్రభావం వేరుగా పరిణమించింది. శ్రీ జగ్‌జీవన్‌రామ్, శ్రీ ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ వంటివారు, ప్రతిపక్షాలతో ఏ అవగాహనకు వచ్చారో చెప్పాలని, సభ్యులకు స్వేచ్ఛగా ఓటు వేసే హక్కు ఉండాలని పట్టుపట్టారు. పార్టీ అభ్యర్థికి ఓటు వేయవలసిందిగా విప్ జారీ చేయడానికి ప్రధానమంత్రి అంగీకరించలేదు. పోలింగు సమీపించినపుడు సభ్యులు తమ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయాలని ఆమె పిలుపునిచ్చారు. ‘అంతరాత్మ ప్రబోధం’ అన్న మాట తెలుగు పత్రికల భాషలో ఆ నెలలోనే స్థిరపడిపోయింది.

ఈ వాదంలో రెండు పక్షాలకూ బలమున్నది. విద్యార్థులు ఒక పక్షాన్ని మాత్రమే విని తీర్పు చెప్పకూడదు. సంజీవరెడ్డిగారిని బలపరచినవారి వాదం ఇది: పార్టీ అనేది క్రమశిక్షణ మీద నిలిచే సంస్థ. అధికార మండలి నిర్ణయించిన అభ్యర్థి నామినేషన్ మీద సంతకం చేసినవారే ఆయనకు ఓటు వేయనవసరం లేదని సూచించడం మాట తప్పడమే అవుతుంది. ఇట్లా అయితే ఏ నిర్ణయానికీ విలువ ఉండదు.

ఎదుటి పక్షం వాదం ఇది: రాష్ట్రపతి పార్టీ నాయకుడు కాడు. ఆయన దేశానికంతటికీ చెందినవాడు. రాజ్యాంగం ఈ ఎన్నికకు రహస్య ఓటు విధించినదంటే ఓటరు తన వివేకాన్ని వినియోగించాలనే కదా అభిప్రాయం! మంత్రివర్గాన్ని నిలపడానికో పడగొట్టడానికో వేసే ఓటుకు విప్ అవసరం కావచ్చును గాని దేశాధినేతను ఎన్నుకొనే ఓటుకు అది తగదు.

ఈనాటి ఆచారంలో ఈ రెండవ వాదానికి బలం చేకూరింది. రాష్ట్రపతి ఎన్నికలో పార్టీలు తమ సభ్యులకు విప్ జారీ చేయరాదన్నది ఇప్పుడు అంగీకృతమైన సూత్రం. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం కూడా ఈ ఓటుకు వర్తించదు. అయితే మొదటి వాదం పూర్తిగా వీగిపోయిందని కూడా అనరాదు. ఇచ్చిన మాటకు, అంతరాత్మకు మధ్య ఘర్షణ వచ్చినపుడు దానిని ముందే బహిరంగంగా చెప్పడం మేలా, చివరి క్షణంలో చెప్పడం మేలా అన్న ప్రశ్న ఇంకా సజీవంగానే ఉన్నది.

ప్రచారంలో ఒక మచ్చ కూడా పడింది. సంజీవరెడ్డిగారి వ్యక్తిగత జీవితాన్ని కించపరిచే కరపత్రం ఒకటి సంతకం లేకుండా సభ్యుల మధ్య ప్రచారమయింది. సిద్ధాంతాల మధ్య జరగవలసిన పోటీలో మనుషుల పరువు మీద దెబ్బ తీయడం ఎంత హేయమో ఆ సంఘటన చెబుతుంది. వ్రాసినవారి పేరు లేని నిందను నమ్మి ఇతరులకు అందించేవాడు కూడా ఆ నిందలో భాగస్వామి అవుతాడన్నది అప్పుడెంత నిజమో ఇప్పుడూ అంతే నిజం.

లెక్కింపు

ఆగస్టు 16న పోలింగు జరిగింది. ఆగస్టు 20న ఢిల్లీలో ఓట్ల లెక్కింపు సాగింది. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలవడానికి కావలసినది 4,18,169. మొదటి ప్రాధాన్యపు లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 వచ్చాయి. మిగిలిన పన్నెండుమందికీ కలిపి వచ్చినది 8,505 మాత్రమే. ఎవరూ హద్దు దాటలేదు. దేశం ఊపిరి బిగబట్టి రెండవ ప్రాధాన్యపు లెక్క కోసం ఎదురుచూసింది.

చిన్న అభ్యర్థులను ఒక్కొక్కరిని తొలగిస్తూ వచ్చారు. చివరకు దేశ్‌ముఖ్‌గారి ఓట్లు కూడా పంపిణీ అయ్యాయి. నిజలింగప్ప గారి ప్రయత్నం ఫలించినట్లే కనిపించింది. పంపిణీ అయిన ఓట్లలో సంజీవరెడ్డిగారికి 91,879 చేరగా గిరిగారికి చేరినవి 18,562 మాత్రమే. అంటే సంజీవరెడ్డిగారికి చేరినవాటిలో దాదాపు ఐదింట ఒక వంతు. కాని గిరిగారికి అంతకంటె ఎక్కువ అవసరం లేదు. తుది లెక్కలో గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 వచ్చాయి. తేడా 14,650. గెలుపు హద్దుకు పైన గిరిగారికి మిగిలినవి 1,908 మాత్రమే.

ఈ అంకెలను విద్యార్థులు కాగితం మీద వేసి చూడవలసి ఉన్నది. పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576 కదా. తుది లెక్కలో గిరిగారి వైపు ఉన్న పార్లమెంటు సభ్యులలో పదముగ్గురు మాత్రం అటునుంచి ఇటు వచ్చి ఉంటే 7,488 ఒకరికి తగ్గి మరొకరికి పెరిగేవి. అప్పుడు గిరిగారికి 4,12,589, సంజీవరెడ్డిగారికి 4,12,915 అయ్యేవి. దేశపు అత్యున్నత పదవి పదముగ్గురి మనస్సుల మీద ఆధారపడిందన్నమాట. ఒక్క ఓటు వలన ఏమవుతుందిలే అనుకునేవారికి ఇంతకు మించిన జవాబు అక్కరలేదు.

మరొక విషయం కూడా ఆ అంకెలలో ఉన్నది. మొదటి లెక్కతో తుది లెక్కను పోల్చితే 10,833 విలువగల ఓట్లు ఎవరికీ చేరలేదని తెలుస్తుంది. ఆ ఓటర్లు తమకు నచ్చినవారికి ప్రాధాన్యం ఇచ్చి చివరివరకు మిగిలిన ఇద్దరిలో ఎవరి పేరు ఎదుటా అంకె వేయలేదు. అది వారి హక్కు. కాని నిర్ణయం జరిగే చివరి ఘడియలో వారి కాగితాలు మౌనంగా ఉండిపోయాయి.

ఎందుకు ఓడిపోయారు?

సంజీవరెడ్డిగారి ఓటమికి ఆయన అనర్హత కారణమని ఆనాడు ఎవరూ గట్టిగా అనలేదు. పాలనానుభవంలో గాని త్యాగంలో గాని ఆయనకు లోటు లేదు. కారణాలు వేరు. మొదటిది, ఆయన అభ్యర్థిత్వం ఒక పార్టీలోని రెండు వర్గాల బలపరీక్షగా మారిపోయింది. రెండవది, బ్యాంకుల జాతీయీకరణతో దేశంలో కొత్త ఉత్సాహం చెలరేగింది. ఆ ఉత్సాహం ప్రధానమంత్రి వైపు, ఆమెతోపాటు గిరిగారి వైపు ప్రవహించింది. మూడవది, కమ్యూనిస్టు పార్టీలు, డి.ఎం.కె. వంటి ప్రతిపక్షాలు గిరిగారికి అండగా నిలిచాయి. నాలుగవది, రెండవ ప్రాధాన్యం కోసం జరిపిన సంప్రదింపులు లాభించినంతగానే నష్టం కూడా కలిగించాయి. స్వపక్షంలో ఊగిసలాడేవారికి అవి ఒక సాకును ఇచ్చాయి.

సుప్రీంకోర్టులో

ఆగస్టు 24న గిరిగారు రాష్ట్రపతిగా ప్రమాణస్వీకారం చేశారు. స్వతంత్ర అభ్యర్థిగా ఆ పదవికి ఎన్నికైనవారు ఆయన ఒక్కరే. ఎన్నిక చెల్లదంటూ 71వ అధికరణం కింద సుప్రీంకోర్టులో పిటిషన్లు దాఖలైనాయి. పైన చెప్పిన కరపత్రం కూడా వాటిలో ఒక ముఖ్యాంశం. పదవిలో ఉన్న రాష్ట్రపతి న్యాయస్థానానికి స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పడం ఆ సందర్భంలో జరిగింది. రాజ్యాంగం ఆయనకు ఎంత గౌరవమిచ్చినా చట్టం ముందు నిలబడడానికి ఆయన వెనుదీయలేదు. ఎన్నికను రద్దు చేయడానికి తగిన ఆధారాలు లేవని 1970లో న్యాయస్థానం పిటిషన్లను కొట్టివేసింది. వివాదం అంతటితో ముగిసింది.

ఎన్నిక ఫలితం కాంగ్రెసులోని చీలికను ఆపలేదు. 1969 నవంబరులో ప్రధానమంత్రిని పార్టీనుంచి బహిష్కరించడం, పార్టీ రెండుగా విడిపోవడం జరిగిపోయాయి.

గెలిచే ఆశ లేకుండా పేరు కోసం పోటీచేసేవారి సంఖ్యపై కూడా ఆలోచన సాగింది. అప్పటివరకు ఒకరు ప్రతిపాదించి మరొకరు బలపరిస్తే చాలు, నామినేషన్ వేయవచ్చును. 1974లో చట్టాన్ని సవరించి పదిమంది ప్రతిపాదకులు, పదిమంది సమర్థకులు ఉండాలని నిర్ణయించారు. 1997లో ఆ సంఖ్యను ఏభైకి పెంచారు.

ఓడిన తరువాత

ఓడినవారి కథ సాధారణంగా ఇక్కడితో ఆగిపోతుంది. సంజీవరెడ్డిగారి కథ ఆగలేదు. ఆయన అభ్యర్థిగా నిలబడడానికి ముందే స్పీకరు పదవికి రాజీనామా చేసి ఉన్నారు. ఓటమి తరువాత చేతిలో ఏ పదవీ లేదు. రాజకీయాలనుంచి వైదొలగి అనంతపురం చేరి వ్యవసాయం చేసుకున్నారు. వానలు అరుదైన ఆ సీమలో సేద్యం అంటే ఓర్పుకు పరీక్షయే.

1975లో ఆయన మళ్ళీ ప్రజాజీవితంలోకి వచ్చి శ్రీ జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి హైదరాబాదులో సభలో పాల్గొన్నారు. 1977 ఎన్నికలలో జనతా పార్టీ అభ్యర్థిగా నంద్యాలలో పోటీచేశారు. ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాలలో 41 కాంగ్రెసుకు దక్కగా మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. మార్చి 26న లోక్‌సభ ఆయనను రెండవసారి స్పీకరుగా ఎన్నుకున్నది.

అదే సంవత్సరం రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగా మరణించడంతో మళ్ళీ ఎన్నిక వచ్చింది. ఈసారి పాలకపక్షమూ ప్రతిపక్షమూ కలిసి సంజీవరెడ్డిగారి పేరునే అంగీకరించాయి. 37 మంది నామినేషన్లు వేయగా పరిశీలనలో 36 తిరస్కరణకు గురయ్యాయి. జూలై 21న ఆయన ఏకగ్రీవంగా ఎన్నికైనట్లు ప్రకటించారు. జూలై 25న పదవీస్వీకారం చేశారు. ఎనిమిదేండ్ల క్రితం ఓట్లు చాలక చేజారిన పదవి ఒక్క ఓటైనా వేయనక్కరలేకుండా ఆయనను వెదుక్కుంటూ వచ్చింది. ఎన్నిక గణం ద్వారా జరగవలసిన ఎన్నికలో పోటీలేకుండా రాష్ట్రపతి అయినవారు ఆయన ఒక్కరే.

అంతకంటె గుర్తుంచుకోదగిన ఘట్టం 1980 జనవరి 14న జరిగింది. ఎన్నికలలో తిరిగి విజయం సాధించిన శ్రీమతి ఇందిరాగాంధీ ప్రధానమంత్రిగా ప్రమాణం చేసేందుకు రాష్ట్రపతి భవనానికి వచ్చారు. ఆమెచేత ప్రమాణం చేయించినవారు సంజీవరెడ్డిగారు. 1969లో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరూ రాజ్యాంగం ఏర్పరచిన ఆ స్థానాలలో మర్యాదగా నిలబడ్డారు. ప్రజల తీర్పును రాష్ట్రపతి శిరసావహించారు. రాష్ట్రపతి స్థానాన్ని ప్రధానమంత్రి గౌరవించారు. పాత కలహం గడప దాటి లోపలికి రాలేదు. 1982 జూలైలో పదవీకాలం ముగించుకొని ఆయన స్వస్థలానికి వెళ్ళిపోయారు. 1996 జూన్ 1న బెంగుళూరులో మరణించారు.

ఓడిన ఇతరులు

రాష్ట్రపతి పదవికి పోటీచేసి ఓడిన ప్రముఖులు ఇంకా ఉన్నారు. 1952లో రాజేంద్రప్రసాద్‌గారిపై పోటీచేసిన కె.టి. షా రాజ్యాంగసభలో పనిచేసిన ఆర్థికవేత్త. 1967లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచిన కోకా సుబ్బారావుగారు మరొక తెలుగు ప్రముఖుడు. ఆయనకు 3,63,971 ఓట్లు రాగా జాకిర్ హుస్సేన్‌గారికి 4,71,244 వచ్చాయి. ప్రాథమిక హక్కులపై సుబ్బారావుగారు ఇచ్చిన తీర్పులను న్యాయ విద్యార్థులు ఈనాటికీ చదువుతున్నారు. దేశ్‌ముఖ్‌గారు, దుర్గాబాయిగారు తరువాతి జీవితాన్ని హైదరాబాదులో గడిపి విద్యా, సేవారంగాలలో కృషి కొనసాగించారు. ఓటమి వీరెవరి కృషికీ అడ్డుకట్ట వేయలేకపోయింది.

పోటీ లేని ఎన్నికకు అర్థం లేదు. ఓడడానికి సిద్ధపడి నిలబడేవారు లేనిదే పోటీ లేదు. కనుక ఓడిన అభ్యర్థి కూడా ప్రజాస్వామ్యానికి సేవ చేసినవాడే. అయితే ఆ సేవ పరిపూర్ణం కావడానికి రెండు నియమాలున్నవి. సందేహముంటే న్యాయస్థానంలో చెప్పుకోవాలి. న్యాయస్థానం తీర్పు చెప్పిన తరువాత ఫలితాన్ని అంగీకరించాలి. గెలిచినవారికి కూడా ఒక నియమమున్నది. ఓడినవాడు దేశానికి పరాయివాడు కాడని మరువరాదు.

విద్యార్థి సంఘం ఎన్నికలలో పోటీచేసేవారు మీలో కొందరుంటారు. కొందరు గెలుస్తారు, ఎక్కువమంది ఓడిపోతారు. ఫలితాలు చెప్పిన సాయంకాలం గెలిచినవారి దగ్గరకు వెళ్ళి చేయి కలపగలిగితే 1969 నాటి కథ మీకు అర్థమైనట్లే.